బాబాయి కొలవని గది

మా బాబాయి పాదం పొడవు పదిన్నర అంగుళాలు. ఆయన చెప్పు పొడవు మాత్రం సరిగ్గా పన్నెండు. చెప్పులు కుట్టే అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, స్కేలు తన చేత్తోనే పట్టుకుని, మడమ వెనక తోలుముక్క అతికించి మరీ పన్నెండు చేయించుకునేవాడు. నడుస్తుంటే ఆ ముక్క వెనకాల టపటపా కొట్టుకునేది. చూసినవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. "నవ్వుకోనీవే, వాళ్ల సొమ్మేం పోయింది?" అనేవాడు నాతో.

ఏసీలు అమ్మే షాపులో గదులు కొలవడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా అదే పని. ఏసీ కావాలని ఎవరైనా అడగగానే ముందు బాబాయి వాళ్లింటికి వెళ్లేవాడు. గోడకి మడమ ఆనించి నిలబడి, ఒక చెప్పు ముందు ఇంకో చెప్పు సందు లేకుండా పెట్టుకుంటూ అవతలి గోడ దాకా నడిచేవాడు. పొడవు అయ్యాక వెడల్పు. టేపు జేబులో ఉండేది గానీ తీసేవాడు కాదు. అంతటితో అయిపోయేదా? పడమటి గోడకి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవాడు. పైన ఇంకో వాటా ఉందా, ఎండ కాచే డాబాయేనా అని అడిగేవాడు. కిటికీలు లెక్కపెట్టేవాడు, రెక్కల సందుల్లో వేలు పెట్టి చూసేవాడు. రాత్రి ఎంతమంది పడుకుంటారు, తలుపు మాటిమాటికీ తీస్తారా, ఏవో వంద ప్రశ్నలు. ఇంటివాళ్ల తల ప్రాణం తోకకొచ్చాక అప్పుడు, తీర్పు చెప్పినట్టు, "ఒకటిన్నర టన్నులు చాలు" అనేవాడు.

ఊరుకుంటారా జనం? "పెద్దదే పెట్టండి, మా డబ్బులే కదా" అని వాదించేవాళ్లు. దానికి బాబాయి దగ్గర ఒకే ఒక్క పాఠం ఉండేది. "చిన్నది పెడితే పొద్దస్తమానం రొప్పుతుందండీ, గది చల్లబడదు. సరే. పెద్దది పెట్టారనుకోండి, ఐదు నిమిషాల్లో చల్లబరిచేసి ఆగిపోతుంది. గాలిలో చెమ్మ లాగేంత తీరిక దానికి ఉండదు. చల్లగా ఉంటుంది, తడి తడిగా ఉంటుంది. పిండని గుడ్డ ఒంటికి చుట్టుకున్నట్టు ఉంటుంది. సరిపోయేది పెట్టుకోండి, హాయిగా నిద్రపడుతుంది." ఈ పాఠం నేను ఎన్నిసార్లు విన్నానంటే, ఆయన చెబుతుంటే వెనక నిలబడి పెదాలు కదిపి వెక్కిరించేదాన్ని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాపం తెలియక చేసింది అని ఎవరూ నన్ను వెనకేసుకు రాకూడదు. నాకు తెలుసు. ఆ షాపులో ఓనరుకి కూడా తెలియనంత బాగా తెలుసు.

నన్ను ఆ షాపులో పెట్టింది కూడా బాబాయే. "మా అన్నయ్య కూతురండీ. నోరు కాస్త ఎక్కువ. రాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది" అని ఓనరుకి చెప్పి ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. వచ్చిన ఫోను ఎత్తడం, చీటీ రాయడం, బిగించేవాళ్లకి అందించడం నా పని. ప్రతి చీటీ కింద 'కొలిచినవారు' అని ఒక గడి ఉండేది. అందులో బాబాయి తన గుర్తు వేసేవాడు. సంతకం కాదు, చిన్న చెప్పు బొమ్మ. రెండు గీతలు, ఒక చుక్క. ఆ బొమ్మ లేనిదే ఒక్క ఏసీ కూడా గోడౌను గడప దాటకూడదని ఓనరు ఆర్డరు. షాపులో అందరూ ఆయన్ని అడుగుల బాబాయి అనేవాళ్లు. సొంత బాబాయిని ఊరందరూ బాబాయి అంటుంటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత అలవాటైంది.

ఆ ఏడు వానలు వస్తామని బెదిరిస్తున్నాయి గానీ రావడం లేదు. ఆకాశం మూసుకుని ఒకటే ఉక్క. ఫోను కింద పెడితే మోగుతోంది. బాబాయి రోజుకి ఆరేసి ఇళ్లు తిరుగుతున్నా ఇంకా నాలుగు రోజుల పని వెనకపడి ఉంది. జనం నన్ను తిడుతున్నారు, నేను బిగించేవాళ్లని తిడుతున్నాను. అలాంటి మధ్యాహ్నం ఒకావిడ ఫోను చేసింది. పెద్దావిడ. ఎప్పుడో కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైందట, మాట కూడా టైపు కొట్టినట్టే ఉంది.

"అమ్మా, మా ఆయనకి ఊపిరితిత్తులు బలహీనం. ఈ ఉక్కకి తట్టుకోలేకపోతున్నారు. ఎల్లుండికల్లా ఏసీ పెట్టించాలి."

"కొలవడానికి మనిషి రావాలండీ. నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులా? అమ్మో! అక్కర్లేదమ్మా, నేనే కొలిచేశాను. మా ఎదురింట్లో మీ ఆయన కొలుస్తుంటే దగ్గరుండి చూశాను."

"మా ఆయన కాదండీ బాబూ, మా బాబాయి."

"ఎవరైతేనేం, ఆ చెప్పులాయన. అచ్చం ఆయనలాగే, మడమకి కాలివేలు ఆనించి కొలిచాను. పదహారు అడుగులు, పదిహేను అడుగులు. రెండుసార్లు కొలిచాను, తేడా లేదు. మాది పై అంతస్తు. నీకు పుణ్యముంటుంది, ఎలాగోలా చూడు తల్లీ."

ఆవిడ అడుగులంది. నేను అడుగులని రాశాను. మన మాట ఒకటే కదా, పన్నెండు అంగుళాలూ అడుగే, కాలు తీసి వేసిందీ అడుగే. ఎవరి కాలు, ఎంత కాలు అని నేను అడగలేదు. పదహారూ పదిహేనూ రెండువందల నలభై, పైన డాబా, అంటే రెండు టన్నులు. బాబాయికి ఒక్క మాట చెప్పి ఉంటే దారిలో పోతూ పోతూ ఆ ఇంట్లో తొంగిచూసి వచ్చేవాడు. చెబితే చీటీ ఆగుతుంది, ఆవిడ మళ్లీ ఫోను చేస్తుంది, నేను మళ్లీ సమాధానం చెప్పుకోవాలి. నాకు విసుగు. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. గడిలో రెండు గీతలు గీసి చుక్క పెట్టాను. బాబాయి వేసినదానికంటే బాగా కుదిరింది.

ఎల్లుండి కాదు, మర్నాడే ఏసీ బిగించి వచ్చారు. గది చిన్నగా ఉందేమిటని బిగించేవాళ్లు అనుకున్నారట గానీ, చీటీ మీద బాబాయి గుర్తు చూసి నోరు మూసుకున్నారట.

ఐదో రోజు టైపిస్టావిడ ఫోను చేసింది. "చల్లగానే ఉందమ్మా. కానీ ఏదోలా ఉంది. కాసేపు హోరుమని తిరిగి టక్కున ఆగిపోతోంది. దుప్పటి తడిగా తగులుతోంది."

చెబుతున్నాను కదా, ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. నాకు నాలుగు బారల దూరంలో బాబాయి కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు. గొంతు తగ్గించి, "పెద్ద మిషను కదండీ, గబుక్కున చల్లబరుస్తుంది. అదే దాని గొప్ప" అన్నాను.

"మరి ఈ చెమ్మ?"

"ఇంకా తగ్గించి పెట్టుకోండి. పద్దెనిమిదిలో పెట్టండి."

పద్దెనిమిదిలో పెడితే గోడలు ఇంకా చల్లబడి, చెమ్మ ఇంకా పడుతుంది. ఆ సంగతీ నాకు తెలుసు. నోటికి ఏదో ఒకటి రావాలి, ఫోను పెట్టెయ్యాలి, అంతే. ఆవిడ ఇంకా మూడుసార్లు చేసింది. చివరిసారి చేసినప్పుడు గోడ మూల నల్లగా బూజు పట్టిందనీ, ఆయన దగ్గు ఎక్కువైందనీ చెప్పింది. "వానలొచ్చే ముందు అందరిళ్లలోనూ అంతేనండీ" అన్నాను. ఆ గొంతు ఇప్పుడు నా చెవిలో పడితే నన్ను నేనే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మరో వారానికి టైపిస్టావిడ తమ్ముడు షాపులోకి ఊడిపడ్డాడు. షాపు నిండా జనం. చీటీ కౌంటరు మీద పడేసి చరిచాడు.

"ఎవడండీ ఇది కొలిచింది? పన్నెండుకి పదకొండు ఉన్న గదికి రెండు టన్నులా? వేరే మెకానిక్కుని తీసుకొస్తే చూసి నవ్వాడు. మా బావ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. గదంతా బూజు పట్టింది. ఎవడు కొలిచాడో పిలవండి వాణ్ణి!"

ఓనరు చీటీ అందుకుని చూశాడు. చూసి బాబాయి చేతికిచ్చాడు. బాబాయి కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. చీటీ వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి నా వంక చూశాడు. చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల ఎవరో పొడుస్తున్నారు. నోరు పెగల్లేదు. ఊరికే పెద్ద నోరున్నదాన్నని పేరు!

"నా గుర్తే. నేనే కొలిచుంటాను" అన్నాడు బాబాయి.

ఆ తమ్ముడు అనరాని మాటలన్నాడు. కళ్లు కనపడనివాణ్ణి, మతిలేనివాణ్ణి ఎందుకు పంపుతారని అరిచాడు. అవతల బిగించేవాళ్లు తలలు దించుకున్నారు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడి అన్నీ విన్నాడు. ఆ సాయంత్రమే ఒక టన్ను మిషను తీసుకెళ్లి మార్చి వచ్చారు. బాబాయిని మాత్రం ఆ ఇంటి దరిదాపులకి రావద్దని తమ్ముడు ముందే చెప్పిపోయాడు. ఓనరు బాబాయిని లోపలికి పిలిచి, "చాలా కాలం చేశారు. వయసైంది కదా, ఇంక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటతో అయిపోయింది. బాబాయి నాకు వెళ్లొస్తానని కూడా చెప్పకుండా, బస్సు కోసం ఆగకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

టైపిస్టావిడ భర్త పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. ఆ కబురు తెలిసిన రోజున షాపు వెనక బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో సగం సంతోషం. ఎందుకో చెబుతాను, అసహ్యించుకుంటే అసహ్యించుకోండి. బాబాయికి అంతా తెలిసిపోయిందనీ, తెలిసే నన్ను కాపాడాడనీ అనుకున్నాను. నా వంక అలా చూశాడు కదా, అన్నకూతురు ఉద్యోగం పోకూడదని నింద తన నెత్తిన వేసుకున్నాడనుకున్నాను. ఎంత గొప్ప మనసు అనుకుని మురిసిపోయాను కూడా. తను కావాలని మోస్తున్న బరువు కదా, దించమని నేను అడగడం ఎందుకు? అలా సర్దిచెప్పుకుని హాయిగా అన్నం తిన్నాను.

ప్రతి ఆదివారం బాబాయి ఇంటికి వెళ్లేదాన్ని. పళ్లు తీసుకెళ్లేదాన్ని. పిన్ని టీ ఇచ్చేది. బాబాయి మాట తగ్గించేశాడు. హాల్లో టేపు పరిచి కొలిచేవాడు, చుట్టేసి మళ్లీ అడుగులతో కొలిచేవాడు, కాగితం మీద రాసుకునేవాడు. మళ్లీ మొదలుపెట్టేవాడు. "ఖాళీగా కూర్చోలేక పాపం" అనేదాన్ని పిన్నితో. బయటికి వెళ్లేటప్పుడు తాళం వేసి, లాగి చూసి, నాలుగు అడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. "తాళం పారిపోదులే బాబాయ్" అని జోకులేసేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

నాలుగో నెలలో ఒక ఆదివారం సాయంత్రం, నేను వెళ్లిపోతుంటే మెట్ల దాకా వచ్చాడు. వెనక్కి తిరిగి పిన్ని లేదని చూసుకున్నాడు.

"ఏమే, ఒక్క మాట అడుగుతాను. మీ పిన్నితో అనకు. ఆ ఇల్లు ఎక్కడుందే?"

"ఏ ఇల్లు?"

"అదే, ఆ టైపిస్టావిడ ఇల్లు. ఎంత తన్నుకున్నా ఆ మెట్లెక్కినట్టే గుర్తు రావడం లేదే. గుమ్మం గుర్తులేదు. కిటికీలు గుర్తులేవు. పోనీ గది మర్చిపోయానే అనుకో, పడమటి గోడ మర్చిపోను కదా? ఏ ఇంటి గోడ ఎంత వేడో నా చేతికి గుర్తుంటుంది. అదీ లేదు. అసలు ఆ రోజే లేదు నా తలకాయలో." అరచెయ్యి చూసుకున్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమన్నాడు. అన్నీ బాగానే చెప్పాను. ఏమీ లేదు పొమ్మన్నాడు. మరి ఇదేమిటి? నువ్వే కదా చీటీ రాసింది. నేను వచ్చి కొలతలు చెప్పినప్పుడు ఎలా ఉన్నానే? మాట తడబడిందా? తేడాగా ఏమైనా కనిపించానా?"

అప్పుడు నాకు వినిపించింది ఆయన నాలుగు నెలల క్రితం అన్న మాట. నేనే కొలిచాను అనలేదు. నేనే కొలిచుంటాను అన్నాడు. రెంటికీ తేడా తెలియనిదాన్నా నేను? నన్ను కాపాడలేదు. చీటీ మీద తన గుర్తు చూసి, తనే వెళ్లుంటాననీ, వెళ్లి తప్పు కొలిచుంటాననీ, ఆ రెండూ మర్చిపోయాననీ నమ్మేశాడు. నా వంక చూసింది నన్ను క్షమించడానికి కాదు, నన్ను అడగడానికి. నేను వచ్చానా అమ్మా, నీకేమైనా గుర్తుందా అని.

ఇప్పుడైనా చెప్పాలి కదా? మెట్ల మీద ఇద్దరమే ఉన్నాం. చెప్పలేదు. "ఆ రోజుల్లో ఒకటే తిరుగుడు కదా బాబాయ్. అలసిపోయి ఉంటావులే" అన్నాను. ఉంటావు అన్నాను! ఆయన భయానికి నా చేత్తోనే ఇంకో ముడి వేశాను. ఆయన తలూపి, "అలాగే కనిపించానన్నమాట" అనుకుంటూ లోపలికి వెళ్లాడు.

అప్పటికి ఉద్యోగం పోతుందన్న భయం కాదు నాది. నాలుగు నెలలు ఎందుకు ఊరుకున్నావని అడిగితే ఏం చెప్పాలన్నది భయం. ఆ భయంతో ఐదో నెల గడిచింది, ఆరో నెల గడిచింది. ఆదివారాలు వెళ్లడం మానేశాను. ఒంట్లో బాగాలేదని ఒకసారి, బంధువులొచ్చారని ఒకసారి చెప్పాను. వెళ్లని ఆదివారం ఇంకా నరకంగా ఉండేది.

ఏడో నెలలో, ఓనరు భోజనానికి వెళ్లిన సమయంలో, ఒక పొట్టి మనిషి షాపు మెట్లెక్కి వచ్చింది. చిన్నపిల్లలవిలాంటి పాదాలు. నేను ఎప్పుడూ చూడకపోయినా నోరు విప్పగానే తెలిసింది, టైపిస్టావిడ.

"ఫోనులో మాట్లాడింది నువ్వేనా అమ్మా? ఎదురింటివాళ్లు చెప్పారు, ఆ చెప్పులాయన్ని ఉద్యోగంలోంచి పంపించేశారట కదా. నాకు అన్నం సహించడం లేదు. తప్పు నాది. కొలిచింది నేను. అంత పెద్దాయన కాలూ నా కాలూ ఒకటేనా అన్న ఇంగితం లేకపోయింది. మా తమ్ముడు ఇక్కడికి వచ్చి గొడవ చేశాడని తర్వాత చెప్పాడు. అప్పుడు ఈయన ఆసుపత్రిలో ఉన్నారు. నా మొగుణ్ణి నేనే పడగొట్టుకున్నానని చెప్పడానికి నోరు రాలేదమ్మా. మీ ఓనరుగారు వస్తే చెప్పేసి వెళతాను."

నేను ఏడు నెలలు చెయ్యలేని పని చెయ్యడానికి ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది. అదీ తనది కాని తప్పుకి. ఇంక ఆగలేకపోయాను. "తప్పు మీది కాదండీ. ఇంటివాళ్లు చెప్పిన కొలతతో మిషను పంపకూడదు. దొంగ గుర్తు వేసి పంపింది నేను. చెమ్మ ఎందుకొస్తోందో కూడా నాకు తెలుసు. తెలిసే పద్దెనిమిదిలో పెట్టుకోమన్నాను" అన్నాను.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "నువ్వు చెప్పినట్టే పద్దెనిమిదిలో పెట్టానమ్మా" అంది. "ఆయన చలి చలి అన్నారు. రెండు దుప్పట్లు కప్పాను. అవీ తడిగానే ఉండేవి." అంతే, లేచి మెల్లగా మెట్లు దిగి వెళ్లింది.

ఆ సాయంత్రం షాపు నుంచి సరాసరి బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన హాల్లో కుర్చీలో ఉన్నాడు. చెప్పులు విప్పకుండానే, గుమ్మంలో నిలబడే చెప్పేశాను. కూర్చుంటే మళ్లీ మాట మారుస్తానని భయం. ఫోను, పదహారూ పదిహేనూ, చెప్పు బొమ్మ, అంతా చెప్పాను.

బాబాయి నోరు తెరుచుకుని విన్నాడు. "అయితే నేను ఆ ఇంటికి వెళ్లలేదా?"

"లేదు బాబాయ్."

"అసలు వెళ్లలేదా? వెళ్లి మర్చిపోలేదా?"

"ఎప్పుడూ వెళ్లలేదు. ఆ ఇల్లు నీకు తెలియదు."

"ఒట్టు?"

"ఒట్టు బాబాయ్."

ఆయన చివాలున లేచాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "ఏయ్, ఇలా రా! తొందరగా రా!" అని పిన్నిని కేకేశాడు. "నేను వెళ్లనే లేదట! నాకేం కాలేదట! నా తలకాయ నిక్షేపంలా ఉందట!" పిన్ని తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేస్తూ నవ్వుతున్నాడు, కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. అటు తిరిగి నా తల నిమిరాడు. "నా తల్లే, నన్ను బతికించావే" అన్నాడు. నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. భూమిలోకి కుంగిపోవాలంటే ఇంకేం కావాలి నాకు?

పిన్ని నవ్వలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"మొదట్నుంచీ."

"నాకు చెప్పకుండా ఈయన డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజుల్లో?"

"అప్పుడూ తెలుసు పిన్నీ."

"రోజూ పొద్దున్నే లేచి నా పేరు, పిల్లల పేర్లు, మనవల పేర్లు వరసగా చెప్పుకునేవాడే" అంది పిన్ని. "పైకి అనేవాడు కాదు, పెదాలు కదిలేవి. ఒక్కో రోజు మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేవాడు. నేను నిద్రపోతున్నట్టు నటిస్తూ చూసేదాన్ని. మీరు నన్ను మర్చిపోతారా అని అడగలేక చూసేదాన్ని."

"పోనీలేవే, చిన్నపిల్ల, భయపడింది" అన్నాడు బాబాయి.

"ఇరవై ఎనిమిదేళ్లు దానికి" అంది పిన్ని.

బాబాయి మాత్రం ఆ సంతోషంలోంచి బయటికి రాలేదు. "రేపు ఓనరుకి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, ఏం ఫర్వాలేదు, నిన్ను ఏమీ అనకుండా నేను చూసుకుంటాను. ఎల్లుండి నుంచి నేను పనిలోకి వస్తానని చెప్పు. ఎండాకాలం దగ్గరపడుతోంది, పని బోలెడు ఉంటుంది ఇంక." పిన్నితో చొక్కాలు ఇస్త్రీకి పంపమన్నాడు. నేను టీ తాగకుండా వచ్చేశాను. పిన్ని తాగమని అనలేదు.

మర్నాడు ఓనరు రాగానే ఆయన గదిలోకి వెళ్లి, తలుపు తెరిచే ఉంచి, బయటివాళ్లకి వినపడేలా చెప్పాను. ఓనరు కలం కింద పెట్టి అంతా విన్నాడు. "ఎంత పని చేశావమ్మా! పాపం పెద్దాయన" అన్నాడు.

"నన్ను తీసెయ్యండి" అన్నాను.

"నిన్ను తీసేస్తే ఫోన్లు ఎవరు చూస్తారు? ఇంకెప్పుడూ ఇలాంటి పిచ్చిపని చెయ్యకు."

"మరి బాబాయి రేపట్నుంచి వస్తారండీ."

"ఎందుకూ?"

"కొలవడానికి."

"ఆ పని ఇప్పుడెక్కడుందమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. "ఆయన వెళ్లాక వేరే దారి లేక ఇంటివాళ్లనే టేపుతో కొలిచి ఫొటోలు పంపమన్నాం కదా. ఆర్నెల్లుగా అలాగే నడుస్తోంది. ఒక్క గొడవ రాలేదు. నువ్వే కదా ఆ ఫొటోలన్నీ చూసుకునేది? ఇంకో మనిషిని ఏం పనిలో పెట్టుకోను చెప్పు."

నేను ఊరుకోలేదు. పడమటి గోడ సంగతి ఫొటోలో ఎలా తెలుస్తుందన్నాను. కిటికీ సందులన్నాను. ముప్పై ఏళ్లన్నాను. నా నోరంతా వాడేశాను, వాడాల్సిన రోజున వాడనిదంతా. ఓనరు ఓపిగ్గా విని, బాబాయిని ఒకసారి వచ్చి కనపడమను, క్షమాపణ చెబుతానన్నాడు. మంచివాడే. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను మోగింది.

"చెప్పావా?" బాబాయి గొంతు ఉత్సాహంగా ఉంది. "ఏమన్నాడు? ఎన్నింటికి రమ్మన్నాడు?"

ఏదో ఒకటి చెప్పి పెట్టెయ్యడం నాకు బాగా అలవాటైన పనే. వచ్చే వారం చెబుతానన్నాడని అనొచ్చు. కౌంటరు గట్టిగా పట్టుకున్నాను.

"రమ్మనలేదు బాబాయ్. ఆ పని ఇప్పుడు లేదన్నాడు. టేపుతో ఇంటివాళ్లే కొలుచుకుంటున్నారు. ఆర్నెల్ల నుంచి."

ఆయన పక్కన పిన్ని ఏమిటట అని అడుగుతోంది.

"ఏమే," అన్నాడు చివరికి, "నువ్వు ఆ రోజే చెప్పుంటే? ఆ తమ్ముడు వచ్చిన రోజే. అప్పుడు ఉండేదా నా పని?"

"ఉండేది బాబాయ్" అన్నాను.

"ఊఁ" అని ఆయన ఫోను పెట్టేశాడు.